పాత వీలునామాలు, ఆస్తి దస్తావేజుల ఆధారంగా వంశ పరిశోధన: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

వీలునామాలు, క్రయ దస్తావేజులు, భాగ పరిష్కార పత్రాలు, తనఖాలలో నమోదైన బంధుత్వాలను ఒకదానితో ఒకటి సరిచూసి కుటుంబ శాఖలను నిర్ధారించడం వంశ పరిశోధనలో ఒక ప్రధాన పద్ధతి. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో రైతు, వర్తక, వృత్తి కుటుంబాల చరిత్రకు ఇవే ముఖ్యమైన రాతపూర్వక ఆధారాలు. పాలక వంశాలకు వంశావళులు ఉన్నాయి. వెంకటగిరి సంస్థానాధీశుల పూర్వుల చరిత్ర చెప్పే ‘వెలుగోటివారి వంశావళి’ నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో 1939లో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. సామాన్య కుటుంబాలకు అలాంటి గ్రంథాలు లేవు. ఆస్తి చేతులు మారిన సందర్భాలలోనే వారి బంధుత్వాలు కాగితం మీదికి ఎక్కాయి. అందువల్ల చావు, అప్పు, పంపకం, మగసంతానం లేకపోవడం వంటి చిక్కులు వచ్చిన తరాల గురించి ఎక్కువ తెలుస్తుంది. సజావుగా గడిచిన తరం దస్తావేజులలో దాదాపు కనిపించదు.

ప్రాంతం, పాలనా నేపథ్యం

ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో వశపరచుకున్నాడు. విజయనగర కాలంలో ఉదయగిరి ఒక రాజ్యానికి, అంటే పెద్ద పాలనా విభాగానికి, కేంద్రం. తర్వాత గోల్కొండ సుల్తానుల, ఆర్కాటు నవాబుల ఏలుబడిలోకి వచ్చింది. 1801లో నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్లినా ఉదయగిరి జాగీరు కొంతకాలం నిలిచింది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ మీద కుట్ర ఆరోపణ మోపి 1839లో కంపెనీ ఆ జాగీరును రద్దు చేసింది.

బ్రిటిష్ కాలంలో ఉదయగిరి, ఆత్మకూరు వేర్వేరు తాలూకాలు. వీటిలో రైత్వారీ పద్ధతి నడిచిన సర్కారు గ్రామాలతో పాటు అగ్రహారాలు, శ్రోత్రియం గ్రామాలు కూడా ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందుచేత పాత దస్తావేజులో ఉదయగిరి తాలూకా అని ఉన్న గ్రామం ఇప్పుడు వింజమూరు, దుత్తలూరు, సీతారామపురం, వరికుంటపాడు వంటి మండలాలలో దేనిలోనైనా ఉండవచ్చు. ఆత్మకూరు తాలూకా గ్రామాలను అనంతసాగరం, మర్రిపాడు, చేజర్ల, సంగం, అనుమసముద్రంపేట మండలాలలోనూ వెతకాలి. జిల్లా ఎల్లలూ మారాయి. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు నుంచి విడిపోయాయి. ఉదయగిరి కుటుంబాలకు కనిగిరి, కందుకూరు వైపు వియ్యాలు, పొలాలు ఉండడం సహజం కాబట్టి ఆ తేదీకి ముందూ వెనుకా రికార్డులను రెండు జిల్లాలలో చూడవలసి వస్తుంది. ఆత్మకూరు పేరుతో కర్నూలు, అనంతపురం, గుంటూరు, మహబూబ్‌నగర్ పాత జిల్లాలలోనూ ఊళ్లున్నాయి. తాలూకా, జిల్లా పేర్లు చూడకుండా ఊరిని నిర్ణయించడం ప్రమాదకరం.

రిజిస్ట్రేషనుకు ముందటి ఆధారాలు

అన్నిటికంటె పాతవి శాసనాలు. నెల్లూరు జిల్లా శిలా, తామ్ర శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి తాలూకాల వారీగా సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. దాన శాసనాలలో దాత గోత్రం, తండ్రి, తాతల పేర్లు కనిపిస్తాయి. అయితే వాటికీ నేటి కుటుంబాలకూ మధ్య రెండు, మూడు వందల ఏళ్ల ఖాళీ ఉంటుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఆ ఖాళీ పూడదు. కల్నల్ కాలిన్ మెకంజీ సిబ్బంది కరణాల నోట విని, వారి కవిలె కట్టలు చూసి రాసిన కైఫీయతులు గ్రామం పుట్టుక, మిరాసుల క్రమం చెబుతాయి. కుటుంబ వివరాలు వాటిలో కరణం, పురోహితుడు, పాలెగాడు వంటి వారికే పరిమితం.

సామాన్య వంశ పరిశోధనకు నిజంగా అక్కరకొచ్చే తొలి రికార్డు ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు ప్రభుత్వం 1858లో నియమించిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాం భూమినీ విచారించి, 1860ల నాటికి ఈ రిజిస్టర్లు తయారుచేయించింది. మొదట దానం పొందినవాడు, విచారణ నాటి అనుభవదారు, అతని వయసు, మొదటి గ్రహీతతో బంధుత్వం వంటివి ఇందులో ఉంటాయి. దేవాలయ అర్చకులు, దర్గా ముజావర్లు, ఖాజీలు, మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి వంటి గ్రామసేవ ఇనాందార్లు కూడా ఈ రిజిస్టరులో చోటు చేసుకున్నారు. ఒక్క పుట మీదనే మూడు నాలుగు తరాలు దొరికే అవకాశం ఉన్న రికార్డు ఇది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణల దస్త్రాలు అదే భూమిని మరో మూడు తరాలు కిందికి తీసుకొస్తాయి.

రిజిస్ట్రేషన్ వ్యవస్థ

దస్తావేజుల రిజిస్ట్రేషనుకు అఖిల భారత స్థాయి చట్టం 1864లో వచ్చి 1865 జనవరి 1 నుంచి అమలైంది. పలు సవరణల తర్వాత 1908లో వచ్చిన చట్టమే నేటికీ ఆధారం. వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి, ఏ విలువ గల స్థిరాస్తి దానానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీలునామాకు ఐచ్ఛికం. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరులలో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలు ఉన్నాయి. ఒక గ్రామం కాలక్రమంలో ఒక కార్యాలయం పరిధి నుంచి మరొక దానికి మారి ఉండవచ్చు.

కార్యాలయంలో పత్రం నకలు చేరే పుస్తకాన్ని బట్టి వెతికే పద్ధతి మారుతుంది. స్థిరాస్తికి సంబంధించిన క్రయ, దాన, తనఖా, పంపక పత్రాలు ఒకటో పుస్తకంలో ఉంటాయి. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో, ఇతర పత్రాలు నాలుగో పుస్తకంలో ఉంటాయి. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచిన వీలునామాల వివరాలు ఐదో పుస్తకానికి ఎక్కుతాయి. ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామా నకలును, అది రాసినవారు బతికున్నంత కాలం వారికి, లేదా వారి ఏజెంటుకే ఇస్తారు. వారు మరణించిన తర్వాత దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇవ్వవచ్చు. నాలుగో పుస్తకం నకళ్లు పత్రంలోని పక్షాలకు, వారి ప్రతినిధులకు మాత్రమే దొరుకుతాయి.

సూచికలు రెండు విధాలు: పేర్లవి, ఆస్తులవి. పేరు తెలిసి ఊరు తెలియనప్పుడు మొదటిది, ఊరూ సర్వే నంబరూ తెలిసినప్పుడు రెండోది ఉపయోగపడతాయి. పేర్లు కలగాపులగమయ్యే ఈ ప్రాంతంలో ఆస్తి సూచికే నమ్మదగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో ప్రారంభించిన ‘కార్డ్’ పథకంతో రిజిస్ట్రేషన్ పనులు కంప్యూటరుకు ఎక్కాయి. ఈసీగా జనం పిలిచే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ 1983 తర్వాతి లావాదేవీలకు కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందటి వాటికి కార్యాలయంలోని చేతిరాత సంపుటాలే గతి.

వీలునామాలు

ఉమ్మడి కుటుంబంలో కొడుకులున్న హిందువు తన పిత్రార్జిత వాటాను 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా వీలునామా ద్వారా ఇవ్వలేకపోయేవాడు. ఆ వాటా తక్కిన సమాంశభాగులకే చేరేది. కాబట్టి అంతకుముందటి వీలునామాలు ఎక్కువగా స్వార్జితపరులవి, మగసంతానం లేనివారివి, పంచుకుని వేరుపడినవారివి. వీలునామా ఉందంటేనే ఆ ఇంట్లో వారసత్వం మామూలు దారిన నడవలేదని అనుమానించవచ్చు. అందుకే వాటిలో బంధుత్వ వివరణ వివరంగా ఉంటుంది. ఎవరికి ఎందుకు ఇస్తున్నదీ, ఎవరికి ఎందుకు ఇవ్వడం లేదో, రెండో భార్య పిల్లలెవరో, పెంచుకున్న మేనల్లుడెవరో, తన కర్మకాండ ఎవరు చేయాలో రాయించేవారు.

మద్రాసు నగరంలో హిందూ వీలునామాలకు 1870 చట్టం వర్తించి ప్రొబేటు అవసరమైంది. నెల్లూరు వంటి మొఫసిల్ ప్రాంతాలలో హిందువులకు ఆ నిర్బంధం లేదు. కాబట్టి ఇక్కడి వీలునామాల కోసం ప్రొబేటు రికార్డుల కంటె రిజిస్ట్రారు మూడో పుస్తకాన్ని, సివిల్ దావాలలో దాఖలైన పత్రాలను చూడాలి. 1927 జనవరి 1 నుంచి హిందువులు రాసే అన్ని వీలునామాలకూ ఇద్దరు సాక్షుల సంతకం అవసరమైంది. అంతకుముందు మొఫసిల్‌లో సాక్షులు లేని వీలునామా, నోటిమాట వీలునామా కూడా చెల్లుబాటయ్యే వీలుండేది.

దస్తావేజుల రకాలు

వంశ పరిశోధనకు అన్నిటికంటె విలువైనది భాగ పరిష్కార దస్తావేజు. అన్నదమ్ములందరూ, చనిపోయిన అన్నదమ్ముల కొడుకులూ పక్షాలుగా చేరితేనే అది నిలుస్తుంది. మైనర్ల వయసు, సంరక్షకుల పేర్లు అందులో ఉంటాయి. తల్లికి మనోవర్తిగా, పెళ్లికాని చెల్లెలి పెళ్లి ఖర్చుకు కేటాయించిన భూమి కూడా నమోదవుతుంది. హక్కు విడుదల పత్రం ఒక వ్యక్తి కుటుంబం నుంచి ఎప్పుడు వేరైనదీ చెబుతుంది.

క్రయ దస్తావేజులో అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే భాగం ఉంటుంది. తాత ఫలానా నంబరు దస్తావేజు ద్వారా కొన్నాడనో, తండ్రి వాటాకు వచ్చిందనో రాస్తారు. ఆ నంబరు పట్టుకుంటే ఒక తరం వెనక్కి పోవచ్చు. అప్పులు తీర్చడానికి తండ్రి అమ్మినప్పుడు కొనేవారు ముందుజాగ్రత్తగా కొడుకులను, మైనర్లతో సహా, అమ్మకందారుల జాబితాలో చేర్పించేవారు. కరువుల తర్వాత ఇటువంటి పత్రాలను ముఖ్యంగా చూడాలి. 1876–78 నాటి మహాకరువు నెల్లూరు జిల్లానూ తాకింది. భూమిని స్వాధీన తనఖా పెట్టి, విడిపించుకోలేక అమ్ముకోవడం కరువు కాలాల్లో కనిపించే క్రమం. తనఖా, దాని చెల్లు, ఆపై క్రయం వరుసగా చదివితే ఒకే కుటుంబంలో తండ్రీ కొడుకూ మనవడూ కనిపించవచ్చు.

ఇల్లరికం, దత్తత

నెల్లూరు, కడప, కర్నూలు సీమలలో రెడ్డి, కమ్మ కుటుంబాలలో ఇల్లరికపు అల్లుడిని తెచ్చుకునే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1880ల నాటికే గుర్తించింది. మగపిల్లలు లేని మామ అల్లుడిని ఇంటికి తెచ్చుకుని, కొడుకుతో సమానంగా ఆస్తి ఇస్తానని ఒప్పుకుంటాడు. దత్తుడిలా కాకుండా ఇల్లరికపు అల్లుడు పుట్టింటి హక్కును పోగొట్టుకోడు, ఇంటిపేరూ మార్చుకోడు. దీనివల్ల ఒక కుటుంబం భూమి ఉన్నట్టుండి మరో ఇంటిపేరు కిందికి పోతుంది. దాన్ని అమ్మకం అనుకుంటే ఆ శాఖ అక్కడే తెగిపోతుంది. రిజిస్టరులో క్రయం లేకుండా, భూమి అనుభవదారును చూపే గ్రామ లెక్క అయిన అడంగల్‌లో ఇంటిపేరు మారితే ముందు ఇల్లరికాన్ని అనుమానించాలి.

దత్తత విషయంలో నమోదు మరింత గట్టిది. వీలునామా ద్వారా కాకుండా విడిగా ఇచ్చే దత్తత అధికార పత్రం 1872 జనవరి 1 తర్వాతిదైతే రిజిస్టరు కావలసిందే. దక్షిణాదిలో భర్త అనుమతి లేకపోయినా సపిండుల సమ్మతితో వితంతువు దత్తత తీసుకోవచ్చని ప్రివీ కౌన్సిల్ 1868లో రామనాథపురం కేసులో తీర్పిచ్చింది. ఆ సమ్మతి పత్రాలలో భర్త వైపు దాయాదుల పేర్లు, వరసలు వస్తాయి. పిల్లవాడిని ఇచ్చిన కుటుంబం, తీసుకున్న కుటుంబం రెండూ ఒకే పత్రంలో కనిపిస్తాయి.

స్త్రీలు

పాత దస్తావేజులలో స్త్రీని ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని రాయడం పరిపాటి. పుట్టింటి ఇంటిపేరు అరుదుగా ఉంటుంది. పుట్టింటి జాడ పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూముల పత్రాలలో దొరుకుతుంది. తండ్రి ఊరిలోని పొలం అత్తవారి ఊరి స్త్రీ పేరున ఉంటే రెండు ఇంటిపేర్లూ అక్కడ కలుస్తాయి.

వితంతువుకు 1956కు ముందు భర్త ఆస్తిలో పరిమిత హక్కే ఉండేది. అవసరం చూపకుండా ఆమె అమ్మితే, ఆమె తర్వాత ఆస్తికి రావలసిన వెనుక వారసులు దావా వేయవచ్చు. ఆ భయంతో కొనేవారు దాయాదులను సాక్షులుగానో సమ్మతిదారులుగానో సంతకం పెట్టించుకునేవారు. కాబట్టి వితంతువు రాసిన అమ్మకపు దస్తావేజులో సాక్షుల వరస వారసుల జాబితాగా పనికొస్తుంది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్ సవరణ పెళ్లికాని కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది; 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ విస్తరించింది. ఆ తర్వాతి పంపక, విడుదల పత్రాలలో కూతుళ్లు పేరుపేరునా కనిపిస్తారు.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు

నవాబుల జాగీరుగా ఉన్నందున ఉదయగిరిలో, ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉన్నందున అనుమసముద్రంపేటలో ముస్లిం కుటుంబాల రికార్డు ప్రత్యేకమైనది. ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం వీలునామా మూడో వంతు ఆస్తి వరకే చెల్లుతుంది. వారసుడికే ఇవ్వాలంటే తక్కిన వారసుల సమ్మతి కావాలి. భార్య, తల్లి, కూతుళ్లు అందరికీ నిర్ణీత వాటాలున్నందున వారసులు కలిసి అమ్మిన దస్తావేజులో స్త్రీల పేర్లు హిందూ పత్రాల కంటె పూర్తిగా ఉంటాయి. మరోవైపు హిబా, అంటే స్వాధీనంతో కూడిన దానం, నోటిమాటతోనే చెల్లుతుంది కాబట్టి కొన్ని బదిలీలకు కాగితమే ఉండదు. దర్గా, మసీదు ఇనాములలో ముజావర్ వంశక్రమాన్ని ఇనాం రిజిస్టరు, వక్ఫ్ రికార్డులు కలిపి చూడాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టి తర్వాత ఉదయగిరి, ఆత్మకూరు వైపు విస్తరించింది. భూమి లేని దళిత కుటుంబాలకు దస్తావేజుల కంటె చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లే ముందటి తరాలను చూపుతాయి. ఆ కుటుంబాలు భూరికార్డుకు ఎక్కింది ఎక్కువగా ప్రభుత్వం అసైన్ చేసిన భూములకు ఇచ్చే డీకేటీ పట్టాలతోనే. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించినందున వాటిలో క్రయ దస్తావేజుల గొలుసు ఉండదు. వారసత్వం పేరు మార్పు దస్త్రాలలో వెతకాలి.

పత్రాన్ని చదివే పద్ధతి

కాలం: పాత పత్రాలలో ఇంగ్లీషు తేదీతో పాటు ఫసలీ, తెలుగు సంవత్సరం ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏటి జూలైలో మొదలయ్యే క్రీస్తు శకం వస్తుంది: ఫసలీ 1286 అంటే 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. ధాత సంవత్సరం 1876–77లో వచ్చింది, 1936–37లోనూ వచ్చింది. స్టాంపు కాగితం మీది రాజు లేక రాణి బొమ్మ, స్టాంపు అమ్మినవారి రాత ఈ అనుమానాన్ని తీరుస్తాయి.

పేర్లు: తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో తరం విడిచి తరం మనుషులు కనిపిస్తారు. పెంచలకోన నరసింహస్వామి పేరున పెంచలయ్య, మాలకొండ స్వామి పేరున మాలకొండయ్య, మాల్యాద్రి వంటి పేర్లు ఈ సీమలో ఇంటింటా ఉంటాయి. మస్తాన్ పేరు హిందూ, ముస్లిం కుటుంబాలు రెండింటిలోనూ ఉంది. పెద, చిన అన్న ముందు మాటలు, తండ్రి పేరు, నివాస గ్రామం మూడూ కలిసినప్పుడే ఒకే మనిషి అని నిర్ణయించాలి. మేనరికాలు, అక్క కూతురిని పెళ్లాడే ఆచారం వల్ల ఒకరికి రెండు వరసలు ఉంటాయి. ఒక పత్రంలో మామ అని, మరో పత్రంలో మేనమామ అని ఉన్నది ఒక్కరే కావచ్చు.

హద్దులు: సర్వే నంబర్లు స్థిరపడకముందు ఆస్తిని చెక్కుబందీతోనే గుర్తించేవారు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దుల్లో ఉండే పొలాలు తరచుగా దాయాదులవే, ఎందుకంటే ఒకప్పటి ఒకే చెక్క పంపకాలలో ముక్కలైంది. నాలుగు హద్దుల్లో రెండు ఒకే ఇంటిపేరువైతే అంతకుముందు జరిగిన పంపకాన్ని వెతకాలి. కొలతలలోనూ స్థానికత ఉంది. ఇళ్ల స్థలాలకు నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36.

చివరి భాగం: సాక్షులు, దస్తూరి రాసిన కరణం, రాయడం రానివారి నిశానీలు, వేలిముద్రలు పత్రం చివర ఉంటాయి. సాక్షులలో మేనమామలు, వియ్యంకులు ఉండడం మామూలు. ఒకే కరణం దస్తూరిలో ఉన్న పత్రాలను పక్కపక్కన పెడితే అతను వాడే వరసల తీరు తెలుస్తుంది.

రెవెన్యూ, కోర్టు రికార్డులు

దస్తావేజు ఒక రోజు జరిగిన సంగతి చెబుతుంది. ఆ తర్వాత భూమి ఎవరి అనుభవంలో ఉందో అడంగల్, చిట్టా, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు చెబుతాయి. గ్రామ లెక్కలు 1984 దాకా కరణాల చేతిలో ఉండేవి. ఆ ఏడాది జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేశాక అవి చివరకు మండల కార్యాలయాలకు చేరాయి. చేరేలోపు కొన్ని పోయాయి. పెన్నపై సోమశిల జలాశయం కింద మునిగిన గ్రామాలకు భూసేకరణ అవార్డులు ఉన్నాయి. పరిహారం పంచడానికి వారసులను విచారించినందున కుటుంబ వివరాలు వాటిలో ఉంటాయి.

ఆస్తి దావాలలో పక్షాలు వంశవృక్షం దాఖలు చేస్తాయి. అది న్యాయవాది తన పక్షానికి అనుకూలంగా వేయించినది కావచ్చు. ఎదుటి పక్షం ఏది ఒప్పుకున్నదో, ఏది కాదన్నదో చూశాకే నమ్మాలి. అప్పీళ్లు 1954 జూలై 5కు ముందు మద్రాసు హైకోర్టుకు, ఆ తర్వాత గుంటూరులోని ఆంధ్ర హైకోర్టుకు, 1956 నుంచి హైదరాబాదుకు, 2019 నుంచి అమరావతికి వెళ్లాయి. నెల్లూరు కలెక్టరేటు పాత రికార్డులను ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో వెతకాలి.

చట్టంలో విలువ

మరణించినవారి రక్త, వివాహ, దత్తత సంబంధాల గురించి కుటుంబ వీలునామాలోనో దస్తావేజులోనో వివాదం పుట్టకముందు రాసిన మాటను 1872 సాక్ష్య చట్టం 32వ సెక్షన్ సాక్ష్యంగా అంగీకరించింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ అదే సూత్రాన్ని కొనసాగించింది. ముప్పై ఏళ్లు దాటి, ఉండవలసిన చోటి నుంచి వచ్చిన పత్రంలోని సంతకం, దస్తూరి నిజమైనవేనని న్యాయస్థానం భావించవచ్చు. అయితే పత్రం నిజమైనదంటే అందులోని ప్రతి మాటా నిజమని కాదు. వంశ పరిశోధకుడికీ ఈ తేడా ముఖ్యమే.

పరిమితులు

ఈ పద్ధతి భూమి ఉన్నవారి వైపు మొగ్గుతుంది. కౌలుదార్లు, పాలేర్లు, సంచార కులాలవారు దస్తావేజులలో అరుదుగా, అదీ హద్దుదారులుగానో సాక్షులుగానో కనిపిస్తారు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న పంపకాలకు, తెల్లకాగితం మీద రాసుకున్న పారికత్తులకు రిజిస్టరులో జాడ ఉండదు. బినామీ క్రయాలు, అప్పులవారి నుంచి తప్పించుకోవడానికి భార్య పేర రాసిన పత్రాలు లేని సంబంధాలను ఉన్నట్టు, ఉన్నవాటిని లేనట్టు చూపుతాయి. కుమార్తెల గురించి రాయకపోవడం కుమార్తెలు లేరనడానికి సాక్ష్యం కాదు. 1956కు ముందటి పంపకాలలో వారి ప్రస్తావన అవసరమే లేదు.

అందుకే ఒక బంధుత్వాన్ని నిర్ధారించడానికి స్వభావంలో వేరువేరు అయిన కనీసం రెండు ఆధారాలు కలవాలన్నది మేలైన నియమం: దస్తావేజు, దానికి సంబంధం లేని రెవెన్యూ లెక్క, లేదా వీలునామా, ఎదుటి పక్షం ఒప్పుకున్న కోర్టు వాంగ్మూలం. ఒకే క్రయ దస్తావేజులోని మాటను తర్వాతి దస్తావేజులు ఎత్తి రాసుకుంటూ పోతాయి కాబట్టి, పదింటిలో ఒకే సంగతి కనిపించినా అది ఒక్క సాక్ష్యమే అవుతుంది. ఆ గొలుసులోని మొదటి పత్రాన్ని చూడనంతవరకు వంశవృక్షంలో ఆ గీతను అనుమానపు గీతగానే ఉంచడం ఉచితం.